చెప్పిన రేటులోంచి ఎంత తగ్గించి అడగాలి

(విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో, మొదటిసారి ఇల్లు కొంటున్నవాళ్ల కోసం ఒక ప్రాపర్టీ వాల్యుయర్ మాట్లాడినది. రికార్డింగ్ విని రాసినది, మాట తీరు మార్చలేదు.)

వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అండి? సరే. నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన ప్రశ్న ఒక్కటే. ఓనరు 72 లక్షలు అంటున్నాడు, మనం ఎక్కడ మొదలుపెట్టాలి, పది శాతం తగ్గించి అడగాలా పదిహేనా. బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కి వెళ్లిన ప్రతిచోటా కొనేవాళ్లు మెట్ల దగ్గర నన్ను పక్కకి పిలిచి మరీ ఇదే అడుగుతారు, బాధేంటంటే అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. అందుకే ఇవాళ మీరు అడ్వాన్స్ ఇవ్వకముందే వచ్చి కూర్చున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు ఈ శాతం గోల మర్చిపోండి. ఓనరు చెప్పిన రేటులోంచి ఇంత శాతం అని కొయ్యడం మొదలెట్టామంటే లెక్కకి మొదలు ఆయన నోట్లోంచి వచ్చినట్టే కదా, ఆయన 72 అంటే మనం 65 అంటాం, ఆయన 80 అని ఉంటే మనం 72 అనేవాళ్లం, ఇల్లు మాత్రం అదే ఇల్లు. పూర్ణామార్కెట్లో చెప్పినదానికి సగం అడిగేసినట్టు ఇక్కడ కుదరదు. మన అంకె మన వైపు నుంచి రావాలి, ఇంటిని చూసి రావాలి, ఆయన అంకె పక్కన పెట్టి చూసుకోవడానికి మాత్రమే.

అసలు ఓనరు ఆ రేటు ఎక్కడ్నుంచి తెచ్చాడో ఆలోచించండి. పై ఫ్లోర్‌లో ఎవరో 70కి అమ్మారట అని వాచ్‌మన్ చెప్పాడు, అమెరికాలో ఉన్న అబ్బాయి ఏదో సైట్లో చూసి ఎస్ఎఫ్టీ 6,500 ఉంది నాన్నా అన్నాడు, బ్రోకర్ వచ్చి బేరానికి ఉంటుంది సార్ ఇంకో మూడు వేసి చెప్పండి అన్నాడు, అయిపోయింది. మన విశాఖలో దీని మీద ఇంకో పొర ఉంటుంది, ప్రకటనల పొర. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే ఇక్కడ రేట్లు ఎలా చెప్పారో మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత భోగాపురం ఎయిర్‌పోర్టు, 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21 ఎకరాలు 99 పైసలకి ఇస్తామన్నారు, అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ అనింది. ఇవి మంచివి, రావాలి, నేనూ ఈ ఊరివాణ్ణే. కానీ ప్రతి ప్రకటన మర్నాడు మధురవాడలో, కొమ్మాదిలో, ఆనందపురంలో చెప్పే రేటు మారుతుంది, అక్కడ నిన్నటికీ ఇవాళ్టికీ రోడ్డు అదే, నీళ్ల ట్యాంకరు అదే. రేపటి రేటు ఇవాళే ఇచ్చేయమంటున్నారన్నమాట. రేపు పెరుగుతుందో లేదో అన్న రిస్కు మోసేది కొన్నవాడు, కాబట్టి పెరిగితే ఆ పెరుగుదల కొన్నవాడికే రావాలి, ముందే ఓనరుకి ఇచ్చేస్తే మీకు మిగిలేది రిస్కు ఒక్కటే. ఈ మాట ఓనరుతో మర్యాదగా చెప్పొచ్చు, చెప్పండి కూడా.

ఇప్పుడు మన అంకె సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం, లెక్క కోసం నేను అనుకున్న అంకెలు ఇవి, మీ వీధి రేట్లు మీరు వేసుకోండి. 12 ఏళ్ల అపార్ట్‌మెంట్, 1,100 ఎస్ఎఫ్టీ టూ బెడ్‌రూమ్, పై అంతస్తు, 72 లక్షలు చెప్తున్నారు.

మొదటి పని, అదే అపార్ట్‌మెంట్లోనో పక్క అపార్ట్‌మెంట్లోనో ఈ మధ్య నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందో పట్టుకోవాలి. చెప్పిన రేటు కాదు, చేతులు మారిన రేటు. దీనికి ఈసీ తీయించండి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మీరు కొనే ఫ్లాటుకే కాదు అదే బిల్డింగులో ఇంకో రెండు ఫ్లాట్లకి కూడా. మన ఈసీలో మార్కెట్ వాల్యూ అంటే ప్రభుత్వం కట్టిన విలువ, కన్సిడరేషన్ వాల్యూ అంటే కొన్నవాళ్లు కాగితం మీద చూపించిన ధర, రెండూ పడతాయి. అయితే కన్సిడరేషన్ చాలాసార్లు తక్కువ చూపిస్తారు కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేం, అసోసియేషన్ సెక్రటరీని, కొత్తగా దిగినవాళ్లని కలిసి ఒక పావుగంట మాట్లాడండి, కొన్నవాళ్లు నిజం చెప్తారండి, అమ్మేవాళ్లకంటే కొన్నవాళ్లు చాలా నిజం చెప్తారు. ఇలా అడిగితే మూడో ఫ్లోర్‌లో అదే సైజు ఫ్లాటు, ఉడ్‌వర్క్ అంతా బాగున్నది, 63కి పోయిందని తేలింది అనుకుందాం.

రెండోది, భూమి వాటా, బిల్డింగు విడదీసి కట్టే లెక్క. డాక్యుమెంటులో అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో మీ ఫ్లాటుకి వచ్చే వాటా, ఎన్ని గజాలో ఉంటుంది, చాలామంది అది చదవనే చదవరు, ఎస్ఎఫ్టీ ఒక్కటే చూస్తారు. 50 గజాలు ఉందనుకోండి, ఆ వీధిలో ఖాళీ స్థలం గజం 80 వేలు నడుస్తుంటే భూమి 40 లక్షలు. ఇవాళ అలాంటి ఫ్లాటు కట్టడానికి ఎస్ఎఫ్టీకి 2,000 అనుకుంటే 1,100కి 22 లక్షలు, ఆర్‌సీసీ బిల్డింగుకి 60 ఏళ్ల ఆయుష్షు వేసి చివర్లో పది శాతం మిగులుతుందనుకుంటే ఏడాదికి ఒకటిన్నర శాతం అరుగుదల, 12 ఏళ్లకి 18 శాతం పోయింది, మిగిలింది 18 లక్షలు. మొత్తం 58. ఈ ఎస్ఎఫ్టీ కూడా డాక్యుమెంటులో ఉన్నదే తీసుకోండి, ఓనరు నోటితో 1,250 అంటాడు, డాక్యుమెంటులో 1,100 ఉంటుంది, మిగతా నూటయాభై కారిడార్, లిఫ్టు, మెట్లు కలిపి చెప్పేది, దానికి డబ్బులు రెండోసారి ఇవ్వక్కర్లేదు.

మూడోది రిపేర్లు. ఇది మన ఊళ్లో ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే ఉప్పుగాలి. లాసన్స్ బే, ఎంవీపీ, బీచ్ వైపు ఉన్న బిల్డింగుల్లో బాల్కనీ శ్లాబ్ కింద చూడండి, పెచ్చులు ఊడి ఊచలు కనిపిస్తున్నాయంటే లోపల తుప్పు పట్టి ఉబ్బిందని అర్థం, ఉబ్బిన ఊచ కాంక్రీటుని బయటికి నెడుతుంది, పైన రంగు వేసేస్తే ఆరు నెలలు కనపడదు అంతే. పార్కింగులో పిల్లర్ల అడుగు చూడండి. పై అంతస్తు అయితే సీలింగు మీద తడి మచ్చలు, వీలైతే వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి కిటికీలు ఎగిరిపోయిన బిల్డింగు అయితే మళ్లీ ఏం వేశారో అడగండి. బోరు నీళ్లు కొద్దిగా నోట్లో వేసుకుని చూస్తే ఉప్పో కాదో తెలుస్తుంది, ట్యాంకర్లకి నెలకి ఎంత అవుతోందో అసోసియేషన్ పుస్తకంలో ఉంటుంది. ఇవన్నీ చూసి ఒక మేస్త్రీని, ఒక ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్లి కాగితం మీద ఎస్టిమేట్ రాయించండి. మన ఉదాహరణలో మూడున్నర లక్షలు అనుకుందాం.

ఇప్పుడు చూడండి, రెండు అంకెలు వాటంతట అవే వచ్చాయి. భూమి, బిల్డింగు కలిపిన 58లోంచి మూడున్నర తీసేస్తే 54.5, ఇది మీరు మొదట చెప్పే అంకె. పక్క ఫ్లాటు పోయిన 63లోంచి అదే మూడున్నర తీసేస్తే 59.5, పోనీ 60, ఇది దాటకూడని గీత. చెప్పిన 72తో పోలిస్తే మొదటి అంకె ఇంచుమించు 24 శాతం తక్కువ. ఇంకో ఇల్లు తీసుకోండి, అదే బిల్డింగే, మొన్నే అన్నీ బాగు చేయించారు, ఓనరుకి ట్రాన్స్‌ఫర్, జూన్‌లో పిల్లల స్కూలు తెరిచేలోపు వెళ్లిపోవాలి, 61 చెప్పాడు. అక్కడ నేనైతే 59.5 అని మొదలుపెట్టి 61కి కూడా తీసేసుకోమంటాను, రెండు మూడు శాతం దగ్గర బెట్టు చేస్తే వేరేవాళ్లు ఎత్తుకెళ్లిపోతారు. ఒకే బిల్డింగు, ఒకచోట 24 శాతం తగ్గించి మొదలుపెట్టాం, ఇంకోచోట రెండు మూడు శాతమే, అదీ వదిలేసుకోవచ్చు. శాతం లెక్క పనికిరాదన్నది ఇందుకే.

(ముందు వరసలో ఒకావిడ: అంత తక్కువ అడిగితే ఓనరు బాధపడరా అండి? మా ఆయన అయితే అడగడానికే మొహమాటపడతారు.)

మంచి ప్రశ్న అమ్మా. బాధపడతారు, కారణం చెప్పకుండా అంకె ఒక్కటే విసిరేస్తే. "ఏటి బాబూ, నా ఇంటిని అంత తక్కువ చేసేస్తున్నారు" అంటారు, అందులో తప్పేం లేదు, పాతికేళ్ల కష్టం అది. అదే మీరు ఎస్టిమేట్ కాగితం టేబుల్ మీద పెట్టి, సార్ ఇల్లు నచ్చింది, గాలీ వెలుతురూ బాగుంది, కానీ బాత్రూముల లీకేజీకి ఇంత, సీలింగుకి ఇంత, మూడో ఫ్లోర్ 63కి పోయిందని విన్నాం, అందుకని ఇంత దగ్గర మొదలుపెడుతున్నాం అని చెప్తే ఎవరూ బాధపడరు, కాదంటారు, అంతే. అప్పుడు వాళ్లు కూడా అంకె వదిలేసి కారణాల మీద మాట్లాడతారు, లీకేజీ నేను చేయించి ఇస్తాను అంటారు, అక్కడ బేరం కదులుతుంది.

మొహమాటం ఉంటే మాట్లాడే మనిషిని తీసుకెళ్లండి. మనవాళ్లకి ఈ పద్ధతి ఉంది కదా, మేనమామో మావగారో పెద్దవాళ్లు ఒకరు కూర్చుని మాట్లాడతారు, అది మంచి పద్ధతి, ఎందుకంటే కొనేవాళ్లిద్దరూ ఆయన్ని అడిగి చెప్తాం అనగలుగుతారు. ఇల్లు చూసేటప్పుడు మాత్రం పూజగది ఇక్కడ, పిల్లల మంచం అక్కడ అని ఓనరు ముందే అనుకోకండి, ఇంటికొచ్చి అనుకోండి.

ఫోన్లో అంకె చెప్పకండి. చివరి రేటెంత అంటే అటువైపు కూడా "సిట్టింగ్‌లో చూద్దాం" అంటారు, నిజమే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే ఆ సిట్టింగ్‌లోనే చూడాలి. బ్రోకర్‌కి కూడా మీ పై గీత చెప్పొద్దు, ఆయనకి రెండు వైపులా కమిషన్, డీల్ అయిపోవడం ఆయనకి ముఖ్యం, మీరు 60 దాకా వస్తారని తెలిస్తే 60 దగ్గరే మొదలవుతుంది. పెంచేటప్పుడు మెట్లు చిన్నవి అవుతూ పోవాలి, 54.5 నుంచి 57, అక్కడ్నుంచి 58.5, తర్వాత 59, అప్పుడు అవతలివాళ్లకి అర్థమవుతుంది ఇంక లేదని. రెండు రెండు చొప్పున పెంచుకుంటూ పోతే ఇంకా వస్తుంది అనుకుంటారు. ఇంకెవరో రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు అని ఫోన్ వస్తుంది, వస్తే రానివ్వండి, ఈసీ చూడకుండా రాత్రికి రాత్రి టోకెన్ పంపకండి.

రేటు ఒక్కటే బేరం కాదు. 60 రోజుల్లో రిజిస్ట్రేషన్, లోన్ ముందే శాంక్షన్ చేయించుకున్నాం, లెటర్ ఇదిగో అంటే, ఆరు నెలలు టైమ్ అడిగి రెండు లక్షలు ఎక్కువ ఇస్తాననేవాడికంటే మీకే ఇస్తారు చాలామంది ఓనర్లు. అలాగే అగ్రిమెంటులో లీగల్ ఒపీనియన్ సరిగ్గా రాకపోతే అడ్వాన్స్ వెనక్కి అని రాయించుకోండి, దానికోసం అవసరమైతే పాతికవేలు పైన ఇచ్చినా నష్టం లేదు.

లక్ష తగ్గితే ఏమొస్తుందిలే అంటారు కొంతమంది. లెక్క చెప్తా వినండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి రిజర్వ్ బ్యాంకు 80 శాతం దాకానే ఇవ్వనిస్తుంది. లక్ష తగ్గితే మీ చేతి డబ్బు 20 వేలు, రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలో అన్నీ కలిపి ఏడున్నర శాతం కాబట్టి ఇంకో 7,500 మిగిలాయి. మిగతా 80 వేలు లోన్, వడ్డీ ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు అనుకుంటే నెలకి దగ్గర దగ్గర 700, మొత్తం లక్షా అరవై ఆరు వేల పైన. అంటే ఇవాళ లక్ష తగ్గించుకుంటే మీ జీవితంలో మిగిలేది ఇంచుమించు లక్షా తొంభై నాలుగు వేలు. అందుకే ఆ గంటసేపు మొహమాటం పక్కన పెట్టమంటున్నాను.

60 లక్షలకి కుదిరితే చేతిలో ఎంత ఉండాలో కూడా ముందే చూసుకోండి. మీ వాటా 12, రిజిస్ట్రేషన్ నాలుగున్నర, కమిషన్ ఒక శాతం అయితే 60 వేలు, రిపేర్లు మూడున్నర, 20 లక్షల 60 వేలు. బ్యాంకు వాల్యుయర్ 57 అని రాస్తే లోన్ 57 మీదే ఇస్తారు, ఇంకో రెండు లక్షల 40 వేలు మీరే తేవాలి. దాటకూడని గీత అని చెప్పింది ఇంటి విలువకి ఒకటి, మీ బ్యాంకు బ్యాలెన్సుకి ఒకటి, రెండింట్లో ఏది తక్కువైతే అదే గీత. ఇంకోటి, రేటు 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఓనరుకి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ఆయన తరఫు ఆదాయపు పన్ను, పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఈ 60 వేల సంగతి సిట్టింగ్‌లోనే చెప్పేయండి, రిజిస్ట్రార్ ఆఫీసులో చెప్తే గొడవ. ఓనరు విదేశాల్లో ఉంటే టీడీఎస్ చాలా ఎక్కువ, అప్పుడు ఆడిటర్‌ని కలవకుండా అడుగు వేయొద్దు.

ఇప్పుడు అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని సంగతి. ఓనరు ఇలా అంటాడు, "45కి రిజిస్ట్రేషన్ చేయించుకోండి, 15 క్యాష్ ఇవ్వండి, మొత్తం మీద రెండు తగ్గిస్తా." ఇది తగ్గింపు కాదండి, దయచేసి నమ్మండి. 45 మీద 80 శాతం అంటే లోన్ 36 లక్షలే, మీరు చేతినుంచి 12కి బదులు 24 పెట్టాలి. రిజిస్ట్రేషన్‌లో మిగిలేది లక్షా పన్నెండు వేల ఐదొందలు. రేపు మీరు అమ్మినప్పుడు కాగితం మీద మీ కొన్న ధర 45 కాబట్టి ఆ 15 లక్షలూ లాభం కింద పడతాయి, ఇప్పటి పన్నెండున్నర శాతం చొప్పున లక్షా 87 వేలు పన్ను. ఇల్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడమే చట్టానికి విరుద్ధం, తీసుకున్నవాళ్ల మీద అంతే మొత్తం పెనాల్టీ ఉంది. అన్నిటికంటే పెద్దది, మధ్యలో డీల్ చెడితే ఆ క్యాష్ ఇచ్చారని చూపించడానికి మీ దగ్గర చీటీ ముక్క కూడా ఉండదు. ఈ బాధ పడ్డ కుటుంబాలని చూశాను, వాళ్లని చూశాక ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. రెండు లక్షలు ఎక్కువైనా పూర్తి వైట్‌లో ఇచ్చే ఇల్లు కొనండి. అలాగే ప్రభుత్వ విలువకంటే మరీ కిందకి బేరం తెచ్చినా లాభం లేదు, ఆ విలువ మీదే స్టాంప్ డ్యూటీ, తేడా పది శాతం దాటితే ఆ తేడా మీ ఆదాయం కింద లెక్క కట్టే రూలు ఉంది. మన దగ్గర 2025 ఫిబ్రవరి 1 నుంచి ఆ విలువలు పెంచారు, ఇప్పటి రేటు ఎంతో చూసుకోండి.

చౌక అనిపించే ఇంకోరకం ఇళ్లున్నాయి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాలు, అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, అక్కడ భూమి హక్కు వివాదం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది, పాపం అక్కడ తరాలుగా ఉంటున్నవాళ్ల కష్టం వేరే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కొనేవాళ్లుగా మీరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన భూముల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా ఎంత తగ్గించి అడగాలి అన్న ప్రశ్నే వేయకూడదు. రిజిస్ట్రేషన్ కానిదానికి 30 శాతం తక్కువ అన్నా తక్కువ కాదు. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ కూడా అంతే, జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్, ఇచ్చిన అప్రూవల్ కాపీలో ఎన్ని ఫ్లోర్లున్నాయో లెక్కపెట్టుకోండి.

వాస్తు గురించి ఎవరో చీటీ పంపారు. దక్షిణం ఫేసింగ్, వీధిపోటు ఉంటే రేటు తగ్గుతుంది, అది నిజం, మీకు పట్టింపు లేకపోతే ఆ తగ్గింపు తీసుకోండి, పూర్తిగా తీసుకోండి, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాడికి పట్టింపు ఉండొచ్చు. ఆషాఢంలో, మూఢంలో కొనేవాళ్లు తక్కువ తిరుగుతారు, ఓనర్లు తీరిగ్గా మాట్లాడతారు, బేరం అప్పుడు తేల్చుకుని రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకోవచ్చు, మీ ఇంట్లో పెద్దవాళ్లూ సంతోషిస్తారు.

ఒక్క మాట నా తరఫున. ఓనరు ఎందుకు అమ్ముతున్నాడో తప్పకుండా కనుక్కోండి, అన్నదమ్ముల పంపకమా, పిల్లలు బయట స్థిరపడ్డారా, ఎన్ని నెలల్నుంచి బోర్డు ఉంది, ఇవన్నీ అంకెని మారుస్తాయి. కానీ ఆస్పత్రి ఖర్చుకో ఆడపిల్ల పెళ్లికో అమ్ముతున్నారని తెలిస్తే ఆ అవసరాన్ని పట్టుకుని పిండొద్దు. మీ లెక్కలో వచ్చిన న్యాయమైన రేటే చెప్పి, డబ్బు త్వరగా చేతికి అందేలా చూడండి. మీరు అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి కదా.

(మధ్యలోంచి ఒకాయన: బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాటుకి కూడా ఇదేనా సార్?)

కాదండి. బిల్డరు ఎస్ఎఫ్టీ రేటు తగ్గించడు, ఒకరికి తగ్గిస్తే మిగతా ఫ్లాట్లవాళ్లందరూ వచ్చి కూర్చుంటారు. అక్కడ కార్ పార్కింగ్, ఎమినిటీస్ ఛార్జీలు, బిల్డింగు నిర్వహణకి ముందే కట్టించుకునే కార్పస్ ఫండ్, ఇంకో బాల్కనీకి గ్రిల్లు, వీటిల్లో అడగండి. కట్టుబడిలో ఉన్నదానికి మామూలుగా అయిదు శాతం జీఎస్టీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు, ఆ తేడా కూడా లెక్కలో వేసుకోండి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కింద ఉన్న ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదు, అడిగితే ఈ రూలు చెప్పండి.

(అదే ఆయన: మన గీత దగ్గర ఆగిపోయి వచ్చేశాక, నెల తర్వాత ఓనరే ఫోన్ చేసి సరే అంటే?)

అవుతుందండి, బాగానే అవుతుంది. అప్పుడు ఇంకా తగ్గించమని మొదలుపెట్టకండి, మీరు చెప్పిన మాట మీద ఉండండి, 59 అంటే 59. ఈ నెలలో మీ లోన్ శాంక్షన్ చెల్లుతోందో లేదో బ్యాంకుని అడగండి, ఇంకోసారి ఇల్లు చూడండి. ఈసీ మాత్రం మళ్లీ తాజాగా తీయించండి, మధ్యలో వేరేవాళ్లతో అగ్రిమెంటు రిజిస్టర్ అయి ఉండొచ్చు, ఇల్లు తాకట్టు పెట్టి ఉండొచ్చు. అది చేతికొచ్చాక, ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, మీ లాయరు కళ్లతో చూశాక అడ్వాన్స్ ఇవ్వండి, చెక్కుగానో ఆర్‌టీజీఎస్‌గానో ఇవ్వండి, ఆ నంబరు అగ్రిమెంటులో రాయించండి.